బోర్ల డైరీ: భూమి లోపలి నీళ్లు ఊరందరి కంటా పడాలని

మే

ఈ నెల మొదలుపెట్టిన పనిని ఇక్కడ రాసిపెడుతున్నాను. మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరి వైపు. ఊరికి దిగువన ఒక వంక పారుతుంది. దానికి రెండు పక్కలా ఉన్న బోర్లలో నీటిమట్టం ఎంతుందో, వాన ఎంత పడిందో ఎప్పటికప్పుడు కొలవాలి. ఆ లెక్క ఊళ్లో అందరికీ ఒకేసారి తెలియాలి. ప్రాజెక్టు ఇంతే. నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్న రైతు కొడుకుని. సెన్సర్లు, సర్క్యూట్లు నా వంతు. పైపులు దించడం, చేను చేనుకూ తిరిగి ఒప్పించడం, లెక్క రాయడం రైతుల గుంపు వంతు.

ఎందుకీ పని అంటే, చెరువులో నీళ్లు తగ్గితే ఊరంతా చూస్తుంది. తూము దగ్గర నీరుగట్టి నిలబడి ఎవరికి ఎంతో చెబుతాడు, కట్ట తెగేలా ఉంటే పార పట్టుకుని అందరూ పరిగెత్తుతారు. బోరు దగ్గర అదేమీ ఉండదు. మోటారు ఆగాగి పోసేదాకా లోపల ఏం జరుగుతోందో సొంతదారుకే తెలియదు. తెలిసేసరికి కనిపించే దారి ఒకటే, ఇంకా లోతుకు ఇంకో బోరు. వట్టి బోర్లకు డబ్బు పోసి అప్పులపాలైన ఇళ్లు మా వంక పొడవునా ఉన్నాయి. చెరువు కోసం పరిగెత్తే మనుషులే బోరు నీళ్ల దగ్గర ఎవరికి వారవుతున్నారంటే, కనబడనిదాన్ని నలుగురూ కలిసి కాపాడుకోవడం కష్టం కాబట్టి. కనబడేలా చేస్తే కాపాడుకుంటారని నా నమ్మకం.

ఈ ఆలోచన నాది కాదు, కొత్తదీ కాదు. 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచి లెక్క కట్టుకునే పెద్ద ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. నెదర్లాండ్స్ నిధులు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండ, నంద్యాల బర్డ్స్ సంస్థ, ఆయా జిల్లాల స్వచ్ఛంద సంస్థలు కలిసి నడిపించాయి. వందలాది ఊళ్లలో రైతులు వాన కొలిచారు, పక్షానికోసారి బోర్లలో మట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని నీళ్లెన్ని, పంటలేవి అని బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు, వేసినందుకు డబ్బూ ఇవ్వలేదు. లెక్క చేతిలో పెట్టారు, అంతే. ఆ పద్ధతి మీద నాకు చాలా గౌరవం. అప్పుడు పుస్తకంలోనూ గోడ మీదా రాసిన లెక్కను ఇప్పుడు ఫోన్లోకి తెస్తే ఏం మారుతుంది, ఏం మారదు అన్నది నేను చూడాలనుకుంటున్నాను.

జూన్, తొలకరికి ముందు

బోరులోకి సెన్సరు దించడం చెప్పినంత తేలిక కాదు. మా దగ్గర బోరు వెడల్పు ఆరున్నర అంగుళాలు. అందులో మోటారు పైపు, కరెంటు కేబులు, మోటారుకు కట్టిన తాడు ఇరుక్కుని ఉంటాయి. వాటి మధ్యలోంచి ఇంకో వైరు వదిలితే ఎక్కడో చుట్టుకుంటుంది, మళ్లీ పైకి రాదు. అందుకని ముప్పావు అంగుళం ప్లాస్టిక్ పైపుకు అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, మోటారు పైపుకు కట్టి, రెండూ కలిపి దించుతున్నాం. సెన్సరైనా కొలిచే టేపైనా ఆ సన్న పైపులోంచే వెళ్తుంది. ఇది మోటారు పైకి ఎత్తినప్పుడే కుదిరే పని. వైండింగ్ కాలి ఎవరైనా మోటారు ఎత్తుతున్నారంటే కబురొస్తుంది, పైపు తీసుకుని వెళ్తాం. అందుకే అన్ని బోర్లకూ ఒకేసారి పూర్తి కాలేదు.

సెన్సరు కొలిచేది ఒత్తిడిని. నీళ్లలో మీటరు లోతుకు సుమారు 9.8 కిలోపాస్కల్ ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి సెన్సరు మీద ఎంత నీరు నిలబడి ఉందో తెలుస్తుంది. దించిన లోతులోంచి అది తీసేస్తే నేల మీద నుంచి ఎన్ని అడుగుల కింద నీళ్లున్నాయో వస్తుంది. మా దగ్గర బోరు మాట ఎవరు ఎత్తినా అడుగుల్లోనే, కాబట్టి స్క్రీన్ మీదా అడుగులే. సెన్సరు కేబులు లోపల వెంట్రుకంత గాలి గొట్టం ఒకటి ఉంటుంది, బయటి గాలి ఒత్తిడి లెక్కలోకి రాకుండా. అందులోకి తేమ చేరితే రీడింగు మెల్లగా జారిపోతుంది, చూసేవాళ్లకు నీళ్లే తగ్గుతున్నాయనిపిస్తుంది. అందుకని పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టి, రంగు మారినప్పుడల్లా మారుస్తున్నాం. ఇలాంటి పని చేయబోయేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

చేలల్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని లోరా రేడియో వాడుతున్నాం, తక్కువ కరెంటుతో చిన్న చిన్న కబుర్లను దూరం పంపేది. 865–867 మెగాహెర్ట్జ్ మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండ్. ఒక్కో బోరు దగ్గరి పెట్టెలో ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, రేడియో, లిథియం సెల్, పైన అరచేయంత సోలార్ ప్యానెల్. ఆ పెట్టెల కబుర్లన్నీ అందుకునే గేట్‌వే మొదట మా పెద్దమ్మవాళ్ల మిద్దె మీద పెట్టాం. గుట్ట అడ్డమొచ్చి వంక అవతలి బోర్ల కబురు అందలేదు. పంచాయతీ నీళ్ల ట్యాంకు మీదికి మార్చాక అందుతోంది. వైర్లను ఉడుతలు కొరుకుతున్నాయి. బయట కనిపించే వైరంతా ఇనుప గొట్టంలో పెట్టడం తప్ప దానికి వేరే మందు లేదు.

సెన్సరు ఉన్నా సరే, ప్రతి బోరునూ పక్షానికోసారి చేత్తో కొలవాల్సిందే అని గుంపులో పెద్దవాళ్లు పట్టుబట్టారు. వాళ్ల మాటే సరైనదని రోజురోజుకీ తెలుస్తోంది. కొలిచే టేపు చివర ఇనుప కడ్డీ ఉంటుంది. అది నీళ్లను తాకగానే పైన రీలు కూస్తుంది. మర్రిమాను చేనులో మొదటిసారి కొలిచినప్పుడు చిన్నాయన ఒకాయన రీలు తనే పట్టుకున్నాడు. పాత బావుల లోతు కొలిచిన మనిషి. అడుగు అడుగు వదులుతూ, కూత వినబడగానే ఆపి, రెండు అడుగులు పైకి లాగి, మళ్లీ వదిలాడు. మళ్లీ అక్కడే కూసింది. "ఉండాయిరా అబ్బీ, నీళ్లు ఉండాయి" అని టేపు మీద అంకె బొటనవేలితో నొక్కి పట్టుకుని అందరికీ చూపించాడు. ఆ చేను ఆయనది కాదు. అయినా ఆ అంకె ఆయన గుర్తుపెట్టుకున్నాడు, తర్వాత పక్షం దాన్నే అడిగాడు. సెన్సరు ఈ పని చేయలేదు. సెన్సరు చెప్పింది చేత్తో కొలిచిన దానితో సరిపోయాకే జనం స్క్రీన్‌ను నమ్మారు.

జూన్ చివర

వాన కొలిచే యంత్రం బడి ఆవరణలో పెట్టాం. లోపల తక్కెడలాంటి చిన్న గిన్నె జత ఉంటుంది. 0.2 మి.మీ. వాన నిండగానే ఒక పక్కకు ఒరిగి లెక్క పెడుతుంది. పక్కనే మామూలు గాజు కొలపాత్ర కూడా. మొదటి మంచి వానకు రెండింటికీ చాలా తేడా వచ్చింది. మూత తీసి చూస్తే గరాటు రంధ్రంలో చీమలు మట్టి పెట్టి ఉన్నాయి. ఇప్పుడు వారానికోసారి శుభ్రం చేసే బాధ్యత బడిపిల్లలు తీసుకున్నారు. పొద్దున పాత్ర చూసి అంకె గోడ మీద రాసేదీ వాళ్లే.

తొలకరి లెక్క ఊరివాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టగానే అందరూ అడిగిన ప్రశ్న మి.మీ. గురించి కాదు. "పదునుందా లేదా?" అనే. విత్తనం వేయడానికి కావలసింది అదే. నేలలో తేమ సెన్సర్లు పెట్టి చూశాం. మా ఎర్రనేలలో గులకరాళ్లు ఎక్కువ, కడ్డీకి మట్టి సరిగా ఆనక ఒకే చేనులో రెండు చోట్ల రెండు రకాలుగా చూపిస్తోంది. మట్టి పిడికిట్లో పట్టి నొక్కి చూసే పద్ధతే ఇక్కడ మేలు. తేమ సెన్సర్లను ప్రాజెక్టులోంచి తీసేశాం. కొన్నిటికి చెయ్యే చాలు.

జులై

వేరుశనగ విత్తడం అయింది. ఎక్కువమంది కె-6 రకం, కొందరు కదిరి లేపాక్షి. ఈ నెల నీళ్ల కంటే పురుగుల కబురు ఎక్కువ.

ఎర్ర గొంగళి పురుగు కోశాలు నేలలోనే ఉండి, తొలకరి వానలు బాగా పడ్డాక రెక్కల పురుగులుగా బయటికొస్తాయి. వెలుతురుకు ఎగబడతాయి. అవి గుడ్లు పెట్టకముందే పట్టుకుంటే మందు అక్కర్లేదు. పిల్ల పురుగులు పెద్దవై గొంగళ్లయ్యాక ఒళ్లంతా వెంట్రుకలు, మందు కొట్టినా అంత తేలిగ్గా చావవు. కిటుకల్లా ఊరంతా ఒకే వారంలో, ఒకే వేళకు దీపపు ఎరలు పెట్టడంలో ఉంది. ఒక్క చేనులో పెడితే పక్క చేల పురుగులు కూడా అక్కడికే వస్తాయి. వాన లెక్క ఫోన్లో ఉండటం ఇక్కడ గట్టిగా పనికొచ్చింది. పెద్ద వాన పడిన మర్నాడే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాం, ఫోన్ లేనివాళ్లకు దండోరా వేయించాం. పొద్దుగూకగానే గట్ల మీద బల్బులు, కింద కిరోసిన్ చుక్కలు కలిపిన నీళ్ల పళ్లేలు. రాత్రి పది దాటితే ఆపేయమని కూడా చెప్పాం. రాత్రంతా వెలిగితే మేలు చేసే పురుగులు కూడా పడి చస్తాయి.

ఫోను ఇందుకు విరుద్ధంగా పనిచేసిన సంగతి కూడా రాయాలి. మా అక్కవాళ్ల అలసంద చేనులో ఆకుల మీద నల్లగా, ముళ్లు ముళ్లుగా, నారింజ మచ్చలున్న పురుగులు కనిపించాయి. మా అల్లుడు ఫోటో తీసి ఒక యాప్‌లో పెడితే పురుగు అని చెప్పి మందు పేరు, కొనే బటన్ రెండూ చూపించింది. వెళ్లి ఆకు తిప్పి చూశాం. అడుగున పేనుబంక గుంపు, ఆ ముళ్ల పురుగు దాన్ని ఒక్కొక్కటిగా తింటోంది. అది అక్షింతల పురుగు పిల్ల. మందు కొట్టి ఉంటే పేనుబంకను తినేదే ముందు పోయేది. గ్రూపులో ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫోటో పెడితే ఆకు పైభాగం, అడుగుభాగం రెండూ పెట్టాలి, ఇద్దరు పెద్దవాళ్లు చూసి చెప్పేదాకా మందు డబ్బా తెరవకూడదు.

ఆగస్టు

వానలు మొహం చాటేశాయి. వేరుశనగ ఊడలు దిగే సమయం. బోరున్నవాళ్లు రక్షక తడులు ఇస్తున్నారు. కింద చేలల్లో టమాటా, పైన చీనీ (బత్తాయి) తోటలు ఉన్నాయి. అన్ని మోటార్లూ ఒకేసారి ఆడుతున్నాయి. పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు. ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది.

ప్రాజెక్టులో నాకు ఎక్కువ నేర్పిన సంగతి ఈ నెల జరిగింది. దిగువ చేను బోరుకూ, చింతమాను చేను బోరుకూ మధ్య ఒక గట్టు, ఒక కంచె. రెండు ఇళ్ల మధ్యా ఏళ్లుగా మాటల్లేవు. "వాళ్ల బోరు 400 అడుగులు, మాది 600. వాళ్ల జల వేరు, మా జల వేరు" అని ఇద్దరూ చెప్పేవాళ్లు. ఫోన్లో రెండు బోర్ల గీతలు ఒకదాని కింద ఒకటి పెట్టాను. దిగువ చేనులో మోటారు ఆడిన కాసేపటికే చింతమాను చేనులో గీత కిందికి వంగుతోంది. ఆపగానే మెల్లగా లేస్తోంది. కరెంటు లేని పూట రెండూ కలిసి లేస్తున్నాయి. ఒకే జల.

గీత చూపిస్తే ఎవరూ నమ్మలేదు. దిగువ చేను మామ అన్న మాట ఇది: "ఫోన్లో ఏమైనా రాయొచ్చు. నా కళ్ల ముందర చూపించు." అందుకని టేపు పట్టుకుని చింతమాను చేను బోరు దగ్గర ఇరువైపులవాళ్లూ నిలబడ్డారు. అక్కడ మోటారు ఆపి ఉంచాం. అవతల మోటారు వేయమని కేకేశాం. రీలు కూసిన చోట కడ్డీని అలాగే నిలబెట్టాం. కాసేపు కూస్తూనే ఉంది. తర్వాత కూత ఆగింది. నీళ్లు కడ్డీని వదిలి కిందికి జారాయన్నమాట. ఒక అడుగు వదిలితే మళ్లీ కూసింది, కాసేపటికి మళ్లీ ఆగింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. చివరికి చింతమాను చేను పెద్దమ్మే అంది, "ఇంతకాలం ఒకే కుండలో ఇద్దరం చెంబులు ముంచినాం, చూసుకోకుండా."

వారం తిరక్కుండా వాళ్లు వంతులు పెట్టుకున్నారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం దాటాక ఒకరు. రెండు మోటార్లు కలిసి ఆడినప్పుడు ఆగాగి పోసిన బోర్లు ఇప్పుడు ఎవరి పూట వాళ్లకు నిండుగా పోస్తున్నాయి. గీతను చూసి కాదు, కూత ఆగడం విని నమ్మారు. అయితే ఏ రెండు బోర్ల దగ్గర నిలబడి వినాలో చెప్పింది గీతే.

సెప్టెంబరు

మొబైల్ స్టార్టర్ల గురించి. పెట్టెలో సిమ్ వేసి ఫోన్ చేస్తే మోటారు ఆడుతుంది, ఆగుతుంది. చీకట్లో పాముల భయంతో చేనుకు పోనక్కర్లేదు. ముసలివాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు ఇది నిజంగా మేలు, దాన్ని తీసిపారేసే మాట నేను అనను. కానీ మా వంక మీద ఒక చేను సొంతదారు బెంగళూరులో డ్రైవరు. అక్కడి నుంచే మోటారు వేస్తాడు, అక్కడి నుంచే ఆపుతాడు. డ్రిప్పు పైపును ఎలుకలు కొరికిన చోట నీళ్లు చిమ్మి గట్టు దాటి దారిలోకి పారుతున్నాయి. చేనుకు రోజూ నడిచి వెళ్లే మనిషైతే అదే పూట చూసేవాడు. బోర్లను చూసి నడుచుకోవడం నేర్పాల్సిన ఫోనే ఇక్కడ చూడకుండా నడిపే వీలు ఇచ్చింది.

ఆ తమ్ముడితో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. స్టార్టరు తీయమని అడగలేదు. దానికి రెండు మార్పులు చేశాం. మోటారు వేయగానే ఆ బోరులో నీటిమట్టం ఎంతుందో గొంతుతో చెప్పేలా. ఇంకోటి, మట్టం ఒక హద్దు కిందికి పోతే మోటారు ఆగిపోయేలా. హద్దు ఎంతన్నది నేను పెట్టలేదు, గుంపు కూర్చుని పెట్టింది. ఇక ఎవరైనా ఆ దారిన పోయేవాళ్లు నీళ్లు వృథాగా పారుతుంటే ఫోటో గ్రూపులో కాకుండా నేరుగా సొంతదారుకే పంపాలని కూడా అనుకున్నాం. నలుగురిలో పెడితే సిగ్గుపడి గ్రూపే వదిలేస్తారు. పైపు బాగు చేయించే పని పక్క చేను అన్న చూసుకున్నాడు.

అక్టోబరు

మంచి వానలు. ఒక రాత్రి 30 మి.మీ. పొద్దున గ్రూపంతా సంబరం, బోర్లు నిండినట్టే అన్నారు. బడి గోడ దగ్గర ఈ లెక్క చేశాం. ఎకరా మీద 1 మి.మీ. వాన అంటే 4,047 లీటర్లు. 30 మి.మీ. అంటే సుమారు 1,21,000 లీటర్లు. మాలాంటి గట్టిబండ నేలల్లో పడిన వానలో భూమి లోపలికి చేరేది పదో వంతు అటూ ఇటూ. అంటే సుమారు 12,000 లీటర్లు. ఇప్పుడు మర్రిమాను చేను బోరు 200 లీటర్ల డ్రమ్ము నింపడానికి 85 సెకన్లు తీసుకుంటోంది. గంటకు దాదాపు 8,470 లీటర్లు. అంటే అంత మంచి వాన ఒక ఎకరాలో ఇంకించిన నీళ్లను ఆ మోటారు గంటన్నరలోపే తోడేస్తుంది. కరెంటున్న 9 గంటలూ ఆడితే ఆరు ఎకరాల మీద పడిన వానకు పైనే ఖర్చు. ఈ లెక్క పిల్లలు చేశారు, పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ చేయించారు.

గీతల్లో ఇంకో సంగతి కనిపిస్తోంది. వాన పడగానే అన్ని బోర్లూ లేవడం లేదు. చెక్‌డ్యామ్ వెనక ఉన్నవి ముందు లేచాయి. వంకలో ఇసుక ఇంకా ఉన్న చోట వాన వెలిశాక కూడా చాలా రోజులు మెల్లగా లేస్తూనే ఉన్నాయి. ట్రాక్టర్లతో ఇసుక ఎత్తేసి బండ తేలిన చోట పక్కనున్న బోర్లు కొద్దిగా లేచి ఆగాయి. ఒక్క సీజన్ లెక్క చూసి ఇసుక వల్లే అని తీర్పు ఇవ్వకూడదు, బండలో చీలికలు చోటు చోటుకూ వేరు. అయినా ఇసుక అనేది వాగు నీళ్లను పట్టి ఉంచి నెమ్మదిగా కిందికి దించుతుందన్నది పెద్దవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇప్పుడు ఏ బోరు దగ్గర ఎంత అని చూపించడానికి లెక్క దొరికింది. వంకలో ఇసుక ఎత్తే ట్రాక్టరును ఇద్దరు మా ఊరి కుర్రాళ్లే ఆపారు. వాళ్లిద్దరికీ అక్కడ బోర్లున్నాయి.

చెక్‌డ్యామ్ వెనక ఏళ్లుగా పేరుకున్న పూడికను తీయడం కూడా ఈ నెలలోనే జరిగింది. ఆ మట్టిని ఎవరి చేలకు వాళ్లు తోలుకున్నారు. పథకం రాలేదు, కాంట్రాక్టు లేదు. దాని వెనక బోర్లు ముందు లేచాయన్న వాయిస్ మెసేజ్ విన్న తర్వాత కదిలిన పని ఇది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే. సెన్సర్ల కోసం పడిన కష్టమంతా ఇందుకే.

నవంబరు

రబీ నీటి లెక్కకు కూర్చున్నాం. గుడి ముందు, ఆడవాళ్లు కూడా సగానికి సగం. ఏడాదికి మాకు పడేది సగటున 550 మి.మీ. అటూ ఇటూ. ఎకరా మీద 22 లక్షల లీటర్ల పైచిలుకు. లోపలికి చేరేది 2.2 లక్షల లీటర్లు. ఇక పంటలు. వరికి 1,200 మి.మీ. అనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు దాటుతుంది. అందులో కొంత మళ్లీ ఇంకుతుంది నిజమే, అయినా ఇంచుమించు 22 ఎకరాలు ఏడాదంతా ఇంకించిన నీళ్లు ఒక్క ఎకరా వరి తాగుతుంది. రబీ వేరుశనగకు 500 మి.మీ. అనుకున్నా 20 లక్షల లీటర్లు, తొమ్మిది ఎకరాల ఇంకుడు. ఈ అంకెలు గోడ మీద పెద్దగా రాశాక కాసేపు గోల. కొర్రలు, ఉలవలు, కంది, డ్రిప్పు మీద కూరగాయలు అని చర్చ నడిచింది. వరి వేస్తానన్నవాళ్లలో కొందరు మానుకున్నారు. ఒకాయన మాత్రం ఇంటి తిండికి అర ఎకరా వేస్తానన్నాడు, వేశాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఎవరి మీదా బలవంతం ఉండకూడదన్నది మొదటి రోజు మాట.

అసలు గొడవ ఇంకో దగ్గర వచ్చింది. పంటల విస్తీర్ణం సరిచూడటానికి సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు తెచ్చాను. ఉచితంగా దొరుకుతాయి, ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది. ఒక్కో చుక్క 10 మీటర్లు, అంటే ఎకరాకు నలభై చుక్కలు. నడి ఎండాకాలంలో ఏ చేను పచ్చగా ఉందో అందులో తెలిసిపోతుంది. అది చూసి చాలామంది ముఖాలు మారాయి. "ఇది రేపు ఎవరి చేతిలోకైనా పోతే? మీటర్లు పెడతారు, కరెంటు కోస్తారు." ఆ భయంలో తప్పేమీ లేదు. నీళ్లు ఎంత తోడుతున్నారో తెలియడం రైతుకు మేలు చేయగలదు, రైతు మీదికే తిరగనూగలదు. లెక్క ఎవరి చేతిలో ఉందన్న దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

చాలా వాదన తర్వాత తేలింది ఇది. గోడ మీదా గ్రూపులోనూ మనుషుల పేర్లుండవు, చేల పేర్లే ఉంటాయి. ఊళ్లోవాళ్లకు ఏ చేను ఎవరిదో ఎలాగూ తెలుసు, బయటివాళ్లకు తెలియనక్కర్లేదు. లెక్కంతా ఊళ్లోని కంప్యూటర్లోనే ఉంటుంది, గుంపు ఒప్పుకోకుండా ఏ కంపెనీకీ ఇవ్వం. ఉపగ్రహం చిత్రాలు ఊరి మొత్తం విస్తీర్ణం చూడటానికే, ఒక్కో చేను చూపించడానికి కాదు. చిత్రాలు ఎవరైనా ఎక్కడి నుంచైనా దించుకోవచ్చన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను.

2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. దాన్ని గుర్తుచేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గీత చూశాక మాత్రం ఒకాయన తనంతట తానే, చింతమాను చేను దగ్గర తలపెట్టిన కొత్త బోరు పని ఆపాడు. ఆ జలలో ఇంకొకరికి చోటు లేదని ఆయనే అన్నాడు.

డిసెంబరు

పెండింగులో ఉన్నవి. రెండు పెట్టెల బ్యాటరీలు మబ్బు రోజుల్లో దిగిపోతున్నాయి, పెద్ద ప్యానెల్ వేయాలి. పిడుగు పడి ఒక సెన్సరు పోయింది, ఎర్త్ సరిగా చేయాలి. వాయిస్ మెసేజ్ రికార్డు చేస్తున్న అమ్మాయి పెళ్లయి వెళ్లబోతోంది, ఇంకో గొంతు వెతకాలి. అందరికీ అలవాటైన గొంతు కాబట్టి ఇది చిన్న సంగతేమీ కాదు.

నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా కప్పి ఉంచే పద్ధతిని మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయంలో ప్రచారం చేస్తున్నారు. వచ్చే వేసవిలో తొలకరికి ముందే ఒక చేనులో అలా విత్తి, పక్కది ఖాళీగా ఉంచి, రెండింటి నేల వేడినీ కొలుద్దామని అక్కల గుంపు అడిగింది. వేడి కొలిచే కడ్డీలు చవక, గులకరాళ్ల గొడవా దానికి ఉండదు. ఒప్పుకున్నాను.

వంక అవతలి పక్క ఊరివాళ్లు కబురు పంపారు. మా వంక దిగువన వాళ్ల బోర్లున్నాయి. మేం చెక్‌డ్యామ్ పూడిక తీయడం వల్ల వాళ్లకు పారే నీళ్లు తగ్గుతాయేమోనని వాళ్ల అనుమానం. న్యాయమైన ప్రశ్న. గోడ మీద రాసుకునే మన లెక్కలో ఇప్పటిదాకా వాళ్ల బోర్లు లేవు. సంక్రాంతి అయ్యాక టేపు, రెండు పెట్టెలు తీసుకుని వెళ్తున్నాం. వాళ్ల చేలల్లో మోటారు ఎప్పుడు ఎత్తుతారో ముందే చెప్పమన్నాం.